చెక్క చెడ్డవైపు

టెక్సాస్
మార్చి 6, 2014

తాతా,

నీకు ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ? ఆఁ?" అనడం, నేను గొంతు చించుకోవడం, పక్క క్వార్టర్స్ వాళ్ళంతా మన ఇంటి సంగతులు వినడం. ఇదంతా ఎందుకని ఉత్తరమే రాస్తున్నాను. ఓపల్ పక్కనే కూర్చుని "అమ్మా, ముత్తాతకు నా పన్ను ఊడిందని రాయి" అంటోంది. రాశాను.

ఇక అసలు విషయం. నా నడుము బాగుపడదని డాక్టర్లు తేల్చేశారు. రెండేళ్ళ కిందట లారీ కింద గేరుబాక్సు దించుతుంటే పట్టేసిన నడుమే. పదకొండేళ్ళు మిలటరీ లారీలు బాగుచేసినదాన్ని, ఇప్పుడు టైరు కూడా ఎత్తలేకపోతున్నాను. అందుకని నన్ను మెడికల్ బోర్డుకు పంపారు. ఈ మనిషి తన ఉద్యోగానికి పనికొస్తుందా లేదా అని వాళ్ళు ముందు చూస్తారు. పనికిరాదంటే, ఎంత శాతం పాడైందో లెక్క కడతారు. ముప్పై శాతం వచ్చిందంటే రిటైర్మెంటు. పెన్షనూ, ఇంట్లో వాళ్ళందరికీ మిలటరీ వైద్యమూ బతికున్నంతకాలం ఉంటాయి. ముప్పైకి తగ్గితే ఒక్కసారి ఇంత చేతిలో పెట్టి పంపేస్తారు. ఆర్నెల్లు దాటితే వైద్యం కూడా ఉండదు. ఓపల్‌కు ఇన్సులిన్ ఒక్కపూట మానడానికి లేదు. వాళ్ళ నాన్న పట్టించుకోడని నీకు తెలిసిందే. కాబట్టి నాకు ఆ ముప్పై కావాలి తాతా.

నిన్న పరీక్ష అయింది. వంగమన్నారు. పళ్ళు బిగించి వంగాను. కిమ్మనలేదు. నువ్వు చూస్తే మెచ్చుకునేవాడివి. ఎలాగూ నా వెన్నెముక ఫోటోలు వాళ్ళ దగ్గరున్నాయి, నేనేం దాచినా అవి దాచవు కదా.

నువ్వెలా ఉన్నావు?

నీ లియానా


స్టిల్‌హౌస్ ఫోర్క్, వెస్ట్ వర్జీనియా
మార్చి 14

అమ్మడూ,

ఉత్తరం చేరింది. పక్కింటి హేజెల్ పోస్టు డబ్బాలోంచి తీసి ఇంట్లోకి తెచ్చిచ్చింది. ఆ మనిషికి ఇంకొకళ్ళ ఉత్తరాలు మోయడమంటే సరదా.

మనిషిని శాతాల్లో కొలుస్తారా? నలభై ఒక్క ఏళ్ళు సామిల్లులో చెక్కలకు గ్రేడు వేశాను గానీ ఈ మాట ఎప్పుడూ వినలేదు. ముప్పై శాతం అంటే ఎంత? కాలు పోతే ఎంత, వేలు పోతే ఎంత? దానికేదైనా పుస్తకముందా, లేక ఆ రోజు డాక్టరుకు తోచినంతా? చెవులకు కూడా ఇస్తారా? ఇస్తే నావి తొంభై శాతమని రాయించుకో. అడిగినవాటికి వరసగా జవాబు రాయి, నాకు ఇక్కడ తెలుసుకోవడం తప్ప వేరే పనేం లేదు.

కిమ్మనకపోవడం మంచి పని చేశావు. పరాయివాళ్ళ ముందు నొప్పి చూపించకూడదని నీకు తొమ్మిదేళ్ళప్పుడే చెప్పాను. ఆ మాట నిలబెట్టావు. నాకు గర్వంగా ఉంది.

ఓపల్ పన్ను నాకు పంపమను. నా దగ్గర తక్కువగా ఉన్నాయి.

నేను బాగానే ఉన్నాను.

తాత థర్మన్


టెక్సాస్
జూలై 9

తాతా,

నాలుగు నెలలకు కాగితం వచ్చింది. ఉద్యోగానికి పనికిరానని తేల్చారు. నడుముకు ఇరవై, చెవుల్లో హోరుకు పది, మోకాలికి పది. ఇంతకన్నా రాయడానికి మనసు రావట్లేదు.

ఓపల్ బాగానే ఉంది. నువ్వెలా ఉన్నావు?

లియానా


స్టిల్‌హౌస్ ఫోర్క్
జూలై 16

అమ్మడూ,

పిచ్చిదానా, మనసు రాకపోవడమేమిటి? ఇరవై, పది, పది. నలభై కదా. ముప్పై దాటి ఇంకో పది మిగిలింది. నేను పెద్దగా చదువుకోలేదు గానీ కూడిక చేయడం వచ్చు.

ఆదివారం చర్చిలో లేచి నిలబడి చెప్పేశాను, మా మనవరాలు ముప్పై రెండేళ్ళకే రిటైరైందని. పాస్టరు గారు నీ పేరున ప్రార్థన చేశారు. హేజెల్ కేకు చేసింది. అది మాడింది, అది వేరే సంగతి. బ్లూబెర్రీలు కోసుకురమ్మని అడిగింది గానీ ఈ ఏడు కొండ పైకి వెళ్ళబుద్ధి కాలేదు.

యూనిఫారం విప్పాలంటే బెంగగా ఉందా? నాకూ మిల్లు మానేసిన ఏడాది చేతులేం చేసుకోవాలో తెలియలేదు. అదే సర్దుకుంటుంది.

నేను బాగానే ఉన్నాను.

తాత


టెక్సాస్
జూలై 23

తాతా,

చర్చిలో చెప్పేశావా. దేవుడా.

నువ్వు కూడినట్టు కూడకూడదు. ముక్తసరిగా రాయడం నాదే తప్పు. ఇప్పుడు నిదానంగా చదువు. ఇందులో రెండు లెక్కలున్నాయి. మిలటరీది ఒకటి, మాజీ సైనికుల శాఖది ఒకటి. ఏ దెబ్బ వల్ల ఉద్యోగానికి పనికిరాకుండా పోయామో ఆ దెబ్బకే మిలటరీ లెక్క కడుతుంది. చెవిలో హోరు ఉన్నా లారీ బాగుచేయొచ్చు, మోకాలు నొప్పి పెడుతున్నా చేయొచ్చు. కాబట్టి నడుము ఒక్కటే. ఇరవై. అంటే రిటైర్మెంటు లేదు.

మాజీ సైనికుల శాఖ మూడూ చూస్తుంది. నా వైద్యం వాళ్ళు చూసుకుంటారు, ఓపల్‌ది చూడరు. అక్కడ కూడా నీ కూడిక చెల్లదు. వందలో నడుముకు ఇరవై పోతే ఎనభై మిగిలింది. చెవులకు పది శాతం ఆ ఎనభైలోంచే తీస్తారు, అంటే ఎనిమిది. మిగిలిన డెబ్బై రెండులో పదోవంతు మోకాలికి. మొత్తం ముప్పై అయిదు. దాన్ని పైకి సరిచేసి నలభై అంటారు. చూశావా, చివరికి నీ నలభైయే వచ్చింది, నువ్వు వచ్చిన దారే తప్పు. ఆ నలభైతో ఓపల్‌కు ఒక్క సూది కూడా రాదు.

మిలటరీ నాకు ఉచితంగా ఒక లాయరును ఇచ్చింది, పగానో గారని. నేను సంతకం పెట్టేసి వచ్చేద్దామనుకున్నాను. ఆవిడ ఊరుకోలేదు. "ఒప్పుకోను, నా మాట వినండి" అని రాయించింది. సెప్టెంబరు తొమ్మిదిన విచారణ. ఏం చెప్పాలో నాకు తెలియదు.

నువ్వెలా ఉన్నావు?

లియానా


స్టిల్‌హౌస్ ఫోర్క్
జూలై 31

అమ్మడూ,

చర్చిలో మళ్ళీ లేచి నిలబడి తప్పు చెప్పానని ఒప్పుకున్నాను. పాస్టరు గారు ప్రార్థన వాపసు తీసుకోనన్నారు. ఈసారి అది విచారణకు పనికొస్తుందిలే అన్నారు.

నీ తీసివేత రెండు రోజులు కాగితం మీద వేసుకుని చూశాను. భలే ఉంది. మేమూ అంతే, పాడైన ముక్క కోసేశాక మిగిలిన చెక్కలోంచే తరవాతది చూస్తాం. ఎన్నిసార్లు తీసినా చెక్క పూర్తిగా అయిపోదు, గమనించావా? ఆ లెక్క ఎవడు కనిపెట్టాడో గానీ కొంచెం జాలి ఉన్న మనిషే.

కానీ ఇరవై అన్నది ఎక్కడినుంచి వచ్చింది? నాకు అది అంతుచిక్కడం లేదు. ఎవడు కొలిచాడు, దేంతో కొలిచాడు, ఏమడిగాడు, నువ్వేమన్నావు? గ్రేడు వేసినవాడు ఏ వైపు చూశాడో తెలియకుండా గ్రేడు తప్పో ఒప్పో చెప్పలేం. ఏదీ వదలకుండా మాటకు మాట రాయి. నీకు చిన్న సంగతిగా తోచిందే ముందు రాయి.

నేను బాగానే ఉన్నాను.

తాత


టెక్సాస్
ఆగస్టు 7

తాతా,

మాటకు మాట కావాలన్నావు. రాస్తున్నాను.

మార్చిలో పరీక్ష రోజు పొద్దున్నే రెండు నొప్పి మాత్రలు వేసుకుని వెళ్ళాను, అక్కడ పరువు పోకూడదని. పరీక్ష చేసినాయన పెద్దమనిషే, మర్యాదగా మాట్లాడాడు. కోణం కొలిచే పరికరం నా నడుముకు ఆనించి "మెల్లగా ముందుకు వంగండి, నొప్పి మొదలైన చోట చెప్పండి" అన్నాడు. "సరే సార్" అన్నాను.

నొప్పి ఎక్కడ మొదలైందో చెప్పనా? ఆయన ఆ మాట పూర్తిచేసే లోపే మొదలైంది.

వంగాను. "ఇంకా వంగగలరా?" అన్నాడు. నాలాంటి సార్జెంటును పట్టుకుని ఇంకా చేయగలవా అని అడిగితే ఏమంటాం తాతా? "వంగుతాను సార్" అన్నాను. యాభై అయిదు డిగ్రీలు వంగాను. "నొప్పిగా ఉందా?" అన్నాడు. "బాగానే ఉంది సార్" అన్నాను. ఆయన అదే రాసుకున్నాడు. తరవాత కారులో కూర్చుని బ్రేకు మీద కాలు పెట్టలేక ముక్కాలు గంట అలాగే ఉండిపోయాను.

ఫోటోలు చూసి శాతం వేస్తారనుకున్నాను. కాదట. నువ్వడిగావు కదా పుస్తకముందా అని, ఉంది. ఎంత వంగితే ఎంత అని అందులో పట్టిక ఉంది. అరవై లోపు ఆగితే ఇరవై శాతం. ముప్పై డిగ్రీల లోపే ఆగిపోతే నలభై శాతం. మధ్యలో ఇంకేం లేదు.

పగానో గారు మళ్ళీ కొలిపించడానికి అర్జీ పెట్టింది. "నా దగ్గరకు వచ్చినవాళ్ళలో సగంమంది ఇదే చేశారు. మీ మిలటరీవాళ్ళకు పరీక్ష అంటే నెగ్గాలనే తెలుసు" అంది. కొత్తగా కొలిస్తే సరిపోదట, ముందు ఒకలా ఇప్పుడు ఒకలా ఎలా అంటారట. నా బాధ కళ్ళారా చూసినవాళ్ళు ఎవరైనా రాసిస్తే దానికి విలువ ఉంటుందట. నేను ఎవరికీ చూపించలేదుగా. ఎవరు రాస్తారు?

లియానా


స్టిల్‌హౌస్ ఫోర్క్
ఆగస్టు 14

అమ్మడూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఇప్పుడు నేను చెప్పేది విను.

మిల్లులో చెక్కకు రెండు ముఖాలుంటాయి. ఒకవైపు నున్నగా, మచ్చ లేకుండా ఉంటుంది. రెండోవైపు ముడులు, పగుళ్ళు. కొత్తగా చేరినవాడు మంచివైపు చూసి మురిసిపోయి పెద్ద గ్రేడు వేసేస్తాడు. నేను ఎంతమందికి నేర్పానో వాళ్ళందరికీ మొదటిరోజు ఒకటే చెప్పాను: చెక్కను తిప్పు. గ్రేడు వేయాల్సింది చెడ్డవైపు చూసి. అది మోసం కాదు, అదే నియమం. కొనేవాడికి తెలియాల్సింది అదే.

నువ్వు ఆయనకు మంచివైపు చూపించి వచ్చావు. ఆయన చూసినదానికి సరిగ్గానే వేశాడు. ఇందులో తప్పు నీదీ కాదు, ఆయనదీ కాదు. నాది. నీకు తొమ్మిదేళ్ళప్పుడు దుంగల గుట్ట మీదనుంచి పడి మణికట్టు విరిగితే, "ఏడవకు, మిల్లువాళ్ళు చూస్తున్నారు" అన్నాను. నలభై ఒక్క ఏళ్ళు చెక్కల్ని తిప్పి చూసినవాణ్ణి, పిల్లకు మాత్రం తిప్పకూడదని నేర్పాను.

ఎవరు రాస్తారని అడిగావు. నేను చూశాను. దీంతోపాటు పెట్టిన కాగితం లాయరమ్మకు ఇవ్వు.

నేను బాగానే ఉన్నాను.

తాత

(జతపరిచినది)

నా పేరు థర్మన్ రాట్లిఫ్. వయసు ఎనభై ఒకటి. లియానాను పెంచిన తాతను. పోయిన క్రిస్మస్‌కు ఆమె, కూతురు అయిదు రోజులు మా ఇంట్లో ఉన్నారు. నేను చూసినదే రాస్తున్నాను, విన్నది రాయడం లేదు. నాకు చెవులు వినపడవు. ఆమె బూట్లు మంచం మీద వెల్లకిలా పడుకుని వేసుకునేది. సాక్సులు ఏడేళ్ళ కూతురు తొడిగేది. చెంచా కింద పడితే కాలితో పక్కకు నెట్టి ఊరుకునేది. డిసెంబరు 27 పొద్దున, ఎవరూ చూడడం లేదనుకుని, మా మేడమెట్లు రెండు చేతులూ ఆనించి పాకుతూ ఎక్కింది. పద్నాలుగు మెట్లు. రెండుసార్లు ఆగింది. నేను వంటింటి గుమ్మంలోంచి చూశాను. చూశానని ఆమెకు తెలియదు. ఇది నిజం.


టెక్సాస్
ఆగస్టు 20

తాతా,

నీ కాగితం ఇంకా ఇవ్వలేదు. నా సంచిలోనే ఉంది.

చూశావు. చూసి ఎనిమిది నెలలు నాతో ఒక్క మాట అనలేదు. ఆ పూట భోజనాల దగ్గర చిక్కుడుగింజలు ఇంకొంచెం వేసుకోమన్నావు, నవ్వావు. నేను పాకుతుంటే వచ్చి చెయ్యి పట్టుకోవాలనిపించలేదా? ఇప్పుడు ఆఫీసర్ల ముందు చదివించమని రాసి పంపావు. పైగా ముడులూ పగుళ్ళూ అంటున్నావు. పదకొండేళ్ళు పనిచేసి చివరికి నీ దృష్టిలో కూడా పొయ్యిలో పెట్టే చెక్కనైపోయానా?

కోపంగా ఉంది. దాచడం ఎందుకు, నువ్వే దాచవద్దన్నావుగా.

లియానా


స్టిల్‌హౌస్ ఫోర్క్
ఆగస్టు 26

అమ్మడూ,

కోప్పడు. నీ హక్కు.

రావాలనిపించింది. నేను చూశానని తెలిస్తే సిగ్గుతో చచ్చిపోతావనుకున్నాను. అందుకని వంటింట్లో కొళాయి తిప్పి వదిలాను, నువ్వు మూలిగినా నాకు వినపడదని నీకు ధైర్యంగా ఉంటుందని. నాకు ఎలాగూ వినపడదని ఆ క్షణంలో నాకే గుర్తు రాలేదు.

పొయ్యిలో పెట్టే చెక్క అని నేననలేదు. గ్రేడు అన్నది చెట్టును తిట్టడానికి కాదు. ఈ చెక్క మీద ఎంత బరువు పెట్టవచ్చో చెప్పడానికి. తప్పు గ్రేడు వేసి పంపితే దాని మీద బరువు పెట్టేస్తారు, అది ఒకరోజు విరుగుతుంది. అప్పుడు దాని కింద ఉన్నవాళ్ళకు దెబ్బ తగులుతుంది. నీ కింద ఉన్నది ఓపల్.

కాగితం ఇవ్వు. ఇవ్వకపోయినా నువ్వు నా మనవరాలివే.

నేను బాగానే ఉన్నాను.

తాత


టెక్సాస్
సెప్టెంబరు 17

తాతా,

ముందు కబురు చెప్తాను, తరవాత కథ. నడుముకు నలభై. రిటైర్మెంటు. ఓపల్‌కు వైద్యం ఉంటుంది. ఈసారి నువ్వు చర్చిలో చెప్పొచ్చు.

ఇక కథ. రెండోసారి కొలిచే రోజు మాత్రలు వేసుకోలేదు. వేరే డాక్టరమ్మ. "వంగండి, నొప్పి మొదలవగానే చెప్పండి" అంది. వంగడం మొదలుపెట్టాను. "ఇక్కడ" అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నాకు ఎంత సిగ్గయిందో నీకు ఎలా చెప్పను. కళ్ళ వెంట నీళ్ళు వచ్చేశాయి. ఇంకా వంగగలను, నాకు తెలుసు, మోకాళ్ళ దాకా వెళ్ళి ఆవిడ మెప్పు పొందగలను. "ఇంకా వంగుతారా?" అంది. "వంగితే రెండు రోజులు లేవలేను" అన్నాను. ఆవిడ పరికరం చూసి ఇరవై ఆరు అని రాసుకుంది. అంతే. ప్రపంచం మునిగిపోలేదు.

విచారణలో ముగ్గురు కూర్చున్నారు. అందులో ఒక కర్నల్, "మార్చిలో యాభై అయిదు, ఆగస్టులో ఇరవై ఆరు. ఏది నమ్మమంటారు సార్జెంట్?" అని అడిగాడు. పగానో గారు, నేను ముందురోజు ఇచ్చిన నీ కాగితం తీసి చదివింది. పద్నాలుగు మెట్లు అన్నచోట ఆ కర్నల్ కలం కింద పెట్టాడు. చదవడం అయ్యాక, "ఈయన ఏం చేసేవారు?" అని అడిగాడు. "సామిల్లులో గ్రేడు వేసేవారండి" అన్నాను. కలం మళ్ళీ తీసి ఏదో రాసుకున్నాడు.

ఒక సంగతి నాకు అప్పటినుంచీ మనసులో తిరుగుతోంది. పగానో గారు మొదటిరోజే నాతో, "నేను ఎలా ఉన్నావని ఎవర్నీ అడగను. అడిగితే అందరూ బాగానే ఉన్నానంటారు. ఏం చేయలేకపోతున్నావో చెప్పు" అంది. నిన్న నీ ఉత్తరాలన్నీ వరసగా పెట్టి చదివాను. పోస్టు డబ్బా దాకా హేజెల్ వెళ్తోంది. కొండ పైకి నీకు వెళ్ళబుద్ధి కాలేదు. బ్లూబెర్రీల కాలంలో నువ్వు కొండ ఎక్కకపోవడం నేను పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. పోను పోను గీతల మీద నుంచి నీ అక్షరాలు కిందికి జారిపోతున్నాయి. ప్రతి ఉత్తరం చివర మాత్రం ఒకటే మాట.

అందుకని ఈసారి ఎలా ఉన్నావని అడగను తాతా. ఏం చేయలేకపోతున్నావు?

లియానా


స్టిల్‌హౌస్ ఫోర్క్
సెప్టెంబరు 25

అమ్మడూ,

నలభై. చర్చికి హేజెల్ తన కారులో తీసుకెళ్ళింది. ఈసారి లేచి నిలబడకుండా కూర్చునే చెప్పాను. ఎందుకో కింద రాస్తాను.

నీ ప్రశ్నకు జవాబు ఇవ్వకుండా తప్పించుకుందామని రెండు రోజులు చూశాను. తరవాత, చెక్కను తిప్పు అని నేను నీకు రాసిన ఉత్తరం నాకే గుర్తొచ్చింది.

మార్చి నెలారంభంలో వరండాలో పడ్డాను. తుంటి దగ్గర ఏదో జరిగింది, చూపించుకోలేదు. అప్పటినుంచి పోస్టు డబ్బా దాకా నడవలేను. బండి నడపలేను, మేలో తాళాలు హేజెల్‌కు ఇచ్చేశాను. ఎడమ కంటికి మసక. అందుకే అక్షరాలు జారుతున్నాయి. చిక్కుడుగింజలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయి రెండు గిన్నెలు మాడ్చాను. జూలైలో మాడిన కేకు హేజెల్‌ది కాదు, నాది. ఆమె మీద పెట్టి రాశాను. మీ అమ్మమ్మ ఫోటో మేడమీద గదిలో ఉంది, దాన్ని చూడాలనిపించినప్పుడు మెట్లు ఎక్కుతాను. నువ్వు ఎక్కినట్టే ఎక్కుతాను. నేను మూడుసార్లు ఆగుతాను.

ఇదీ చెడ్డవైపు. వేరేది ఏదీ దాచలేదు.

నీకు ఇప్పుడు ఎక్కడికీ వెళ్ళాల్సిన పని లేదు కదా. రమ్మని ఎప్పుడూ రాయలేదు, రాస్తే నాకు అవసరం ఉందనుకుంటావని. అవసరం ఉంది. కింద గదిలో ఇద్దరికీ మంచాలు పడతాయి, మెట్లు ఎక్కక్కర్లేదు. ఓపల్ ఇన్సులిన్ పెట్టుకోవడానికి ఫ్రిజ్‌లో పై అర ఖాళీ చేశాను.

ఖాళీ చేశాను అన్న మాట నిజం కాదు. హేజెల్ చేసింది. నేను కుర్చీలో కూర్చుని ఏది ఎక్కడ పెట్టాలో చెప్పాను.

తాత